'వాంట్' అను మాట, 'లేమి' అను మాట: కీర్తన 23:1 పై జరుగుచున్న బోధకు ఒక విమర్శ

ఇంగ్లీషు వ్యాఖ్యానములను చదివి ప్రసంగములు సిద్ధపరచుకొనుట మన సేవకులలో అనేకులకు అలవాటు. ఇందులో తప్పు లేదు. అయితే లేమిని, కొదువను తెలుపు ఇంగ్లీషు మాటలలో కొన్ని కాలక్రమమున అర్థము మార్చుకొన్నవి. ఆ మార్పును గమనింపక వాటిమీద బోధను కట్టినయెడల, వాక్యము చెప్పని సంగతిని వాక్యముగా చెప్పినవారమగుదుము. ఇరువదిమూడవ కీర్తన మొదటి వచనమును ఇంగ్లీషులో చదివి, "యెహోవా కాపరిగా ఉన్నవాడు ఏదియు కోరడు, కోరికను జయించుటయే ఈ కీర్తన సారము" అని బోధించుట మేము పలుమార్లు వింటిమి. ఈ బోధ నిలుచునా అని పరిశీలించుట ఈ వ్యాసము ఉద్దేశము.

మాట చరిత్ర

కింగ్ జేమ్స్ తర్జుమా 1611లో వెలువడినది. ఆ దినములలో 'వాంట్' అనగా ముఖ్యముగా లేకుండుట, కొదువపడుట. ప్రాచీన నార్సు భాషనుండి ఇంగ్లీషులోనికి వచ్చిన ఈ మాటకు అక్కడను కొదువ అనియే భావము. 'కోరుట' అను అర్థము తరువాత బలపడి, నేడు మొదటి స్థానమును ఆక్రమించినది.

ఇందుకు కానా వివాహము మంచి ఉదాహరణ. యోహాను 2:3లో కింగ్ జేమ్స్ తర్జుమా ద్రాక్షారసమునుగూర్చి ఈ మాటనే వాడినది. నేటి ఇంగ్లీషు మాత్రమే తెలిసిన విద్యార్థి, విందులో ఉన్నవారు ద్రాక్షారసము కావలెనని అడిగిరని గ్రహించును. జరిగినది అది కాదు, ద్రాక్షారసము అయిపోయినది. 1881లో వచ్చిన రివైజ్డ్ వెర్షన్ క్రొత్త నిబంధన ఇక్కడ ఈ మాటను తీసివేసినది. దానియేలు 5:27లో బెల్షస్సరు త్రాసులో తూచబడి 'వాంటింగ్'గా కనబడెను. అక్కడను భావము తూకములో తక్కువ అనియే. అతని కోరికలనుగూర్చిన ప్రస్తావన లేదు.

మూలభాషల సాక్ష్యము

కీర్తన 23:1లోని హెబ్రీ క్రియ 'హాసేర్'. దాని అర్థము తక్కువపడుట, లేకపోవుట. ద్వితీయోపదేశకాండము 2:7లోను, నెహెమ్యా 9:21లోను ఇదే క్రియ అరణ్యములోని నలువది సంవత్సరములకు వాడబడినది. నెహెమ్యాలో ఆ వచనముతోపాటు చెప్పబడినవి ఏవి? మన్నా, నీళ్లు, పాతగిలని వస్త్రములు, వాపు రాని కాళ్లు. అనగా ఇది ఒంటికి, కడుపునకు సంబంధించిన మాట. కాపరి గొఱ్ఱెకు చూపునది పచ్చికయు నీళ్లును. కోరికలు విడువుమను ఉపదేశము కాదు. సంతుష్టి గొప్ప భాగ్యమే, దానిని 1 తిమోతి 6:6 నుండి ధారాళముగా బోధింపవచ్చును. ఈ వచనమునుండి మాత్రము కాదు. 2011 నాటి న్యూ ఇంటర్నేషనల్ వెర్షన్ ఇక్కడ 'ల్యాక్' అను మాటను ఎన్నుకొని సందేహమును తొలగించినది.

తెలుగు బైబిలు చేసిన మేలు

మన తెలుగు బైబిలు ఇక్కడ 'లేమి' అను మాటను వాడుచున్నది. 'లేదు' అను మాట పుట్టిన ధాతువునుండియే ఇదియు పుట్టినది. కలిమిలేములు కావడికుండలని ఎరిగిన తెలుగు గృహములో దీనికి వ్యాఖ్యానము అక్కరలేదు. దానికి చేర్చిన 'కలుగదు' అను క్రియ, హెబ్రీ క్రియవలెనే, నేటి స్థితికిని రాబోవు దినములకును చెల్లును.

మరియొక సంగతి గమనింపదగినది. ఫిలిప్పీయులకు 4:12లో పౌలు తాను నేర్చుకొన్నవాటిని చెప్పునప్పుడు, మన బైబిలులో మరల ఇదే 'లేమి' కనబడును. గ్రీకులోను అక్కడి క్రియ 'హుస్టెరెయో'. సెప్టువజింటు అను గ్రీకు పాత నిబంధన ఈ కీర్తనకు వాడిన క్రియ అదే. కింగ్ జేమ్స్ తర్జుమాలో రెండు చోట్ల రెండు మాటలుండుటచేత ఈ బంధము మరుగుపడినది. తెలుగు పాఠకునికి అది చెవికే వినబడును.

ఈ బంధము రెండవ దుర్బోధను ఖండించుచున్నది. "విశ్వాసమున్న ఇంట లేమి ఉండదు, ఉన్నయెడల విశ్వాసమే కొదువ" అనువారున్నారు. అట్లయిన లేమిలో ఉండుట నేర్చుకొన్న పౌలు అవిశ్వాసియా? హెబ్రీయులకు 11:37లో విశ్వాసవీరులను వర్ణించుచు అదే గ్రీకు క్రియ వాడబడినది. వారు గొఱ్ఱెచర్మములను, మేకచర్మములను కప్పుకొని తిరిగిరి.

లేమి ఎట్లు తీరును?

2 కొరింథీయులకు 11:9లో పౌలు కొరింథులో తనకు కలిగిన కొదువను దాచలేదు. మాసిదోనియనుండి వచ్చిన సహోదరులు దానిని తీర్చిరి. ఇక్కడను గ్రీకులో ఆ క్రియయు, దానినుండి పుట్టిన నామవాచకమును కలవు. మన తర్జుమా ఇచ్చట 'అక్కర' అనుటచేత బంధము కొంత సడలినది. ఈ లోపమును ఒప్పుకొనవలెను. అదే నామవాచకము 2 కొరింథీయులకు 8:14లో ఒక సంఘపు సమృద్ధి మరియొక సంఘపు కొదువకు సహాయమగుటనుగూర్చి వచ్చుచున్నది. కాపరియైన దేవుడు తన మందలోని లేమిని తీర్చు విధములలో మందయే ఒకటి.

కాబట్టి సేవకులకు మా మనవి ఇది. పనులు దొరకని నెలలో బియ్యపు డబ్బా అడుగంటిన తల్లి మన యెదుట కూర్చుండి ఈ కీర్తన వినును. కోరికలు తగ్గించుకొనుమని ఆమెకు చెప్పినయెడల, ఆమె ఆకలిని కోరిక అని పిలిచినవారమగుదుము. విశ్వాసము పెంచుకొనుమని చెప్పినయెడల, ఆమె లేమిమీద నింద మోపినవారమగుదుము. ఆమె చేతిలోని బైబిలు ఈ రెంటిని చెప్పదు. అది లేమిని లేమి అనియే పిలిచి, కాపరిని చూపుచున్నది. ఆ వచనము ప్రసంగించిన ఆదివారమున, ఆమె ఇంట పొయ్యి వెలిగినదా అని విచారించుటయు ఆ ప్రసంగములో భాగమే.