ఈ బొమ్మ ఎవరి కోసం?

పలాస నుంచి మందస మీదుగా కొండల దారి పడితే సవర గూడేలు వస్తాయి. సవరల గోడబొమ్మలు ఇప్పుడు సంచుల మీదా, పటాల మీదా కూడా దొరుకుతున్నాయి. ఎర్రమట్టి రంగు నేల, దాని మీద బియ్యప్పిండి తెలుపు. బొమ్మ చూసేటప్పుడు ముఖాల కన్నా ముందు చేతులు చూడటం నా అలవాటు. ఇక్కడ ముఖాలు ఎలాగూ ఉండవు. చేతులకు మాత్రం తీరిక లేదు. ఒకరు చెట్టెక్కుతుంటారు, ఒకరు బరువు మోస్తుంటారు, కొందరు చేయీ చేయీ పట్టుకుని ఆడుతుంటారు. పైన సూర్యుడూ చంద్రుడూ ఒక్కసారే ఉంటారు. పిల్లాపాపలతో ఊరంతా పండగ చేసుకుంటోందని చూసినవాళ్లు ముచ్చటపడతారు.

గోడ మీద ఆ బొమ్మ వేయించిన ఇంట్లో సంగతి వేరు. గంజాం, కోరాపుట్ సవరల గురించి వెరియర్ ఎల్విన్ 1955లో రాసిన పుస్తకం చూస్తే, చుట్టూ ఉన్న చట్రం చనిపోయినవారికి కట్టిన ఇల్లు. ఇంట్లో జబ్బు చేస్తే, చనిపోయిన ఏ పెద్దకు ఏం కావాలో సవరల పూజారి ఎజ్జోడు కనిపెట్టి చెబుతాడు. ఏనుగులు, గుర్రాలు, గొడుగులు, కాలం మారాక విమానాలు, సైకిళ్లు, అన్నీ ఆ పెద్దకు సమర్పించుకున్నవే.

ఫ్లెమిష్ చిత్రకారుడు బ్రూగెల్ 1560లో వేసిన ‘పిల్లల ఆటలు’ చిత్రంలో ఎనభైకి పైగా ఆటలున్నాయి. ఆ పిల్లలు ఎవరి పిల్లలైనా కావచ్చు. సవర గోడ మీది మనుషులూ అలాగే కనిపిస్తారు గానీ, ఆ బొమ్మ పేరున్న ఒకే ఒక్కరి కోసం వేసింది. ఎవరి కోసమో ఇంటిల్లిపాదికీ తెలుసు. అందుకే దీన్ని చదవడం గీతల దగ్గర కాదు, ఆ ఇంటి దగ్గర మొదలుపెట్టాలి.

గిడుగు రామమూర్తి పంతులుగారు పర్లాకిమిడిలో ఉంటూ చేసిందీ అదే. ముందు సవరల మాట నేర్చుకున్నారు. వ్యాకరణం 1931లో, సవర-ఇంగ్లీషు నిఘంటువు 1938లో ఆ తర్వాతే వచ్చాయి.

సవరల్లో చాలామంది క్రైస్తవం తీసుకున్నాక ఎన్నో ఇళ్లలో పెద్దల కోసం బొమ్మ వేయించడం ఆగిపోయింది. పటాలు అమ్ముకోవడంలో తప్పేమీ లేదు, నాలుగు డబ్బులొస్తాయి. కొనండి. ధర అడిగాక ఇంకో మాట కూడా అడగండి: ఇలాంటిది మీ ఇంట్లో ఎవరి కోసం వేసేవారు? జవాబు వినకుండా చెప్పే అర్థం మన ఊహే తప్ప వాళ్ల బొమ్మ కాదు.