రోమన్ హస్తకళల ప్రతిరూపాలు: తరగతి గదిలో వాటి విలువ

రోమన్ చరిత్ర బోధించే పాశ్చాత్య పాఠశాలల్లో పిల్లల చేత అట్టతో రాతపలక, మట్టిముద్దతో దీపం, రంగుకాగితాలతో మొజాయిక్ చేయించడం పరిపాటి. ఈ పద్ధతి ఆసక్తిని పెంచుతుంది. అయితే ప్రతిరూపం అసలు వస్తువులా కనిపిస్తే సరిపోతుందా? అసలును తయారుచేసిన, వాడిన పద్ధతి కూడా అందులో ఉండాలా? రెండు ఉదాహరణలతో ఈ ప్రశ్నను పరిశీలిద్దాం.

మైనపు పలక

రోమన్లు చెక్కపలక మధ్యభాగాన్ని కొద్దిగా తొలిచి, అందులో పలుచగా మైనం పోసి, లోహపు గంటంతో రాసేవారు. గంటం రెండో కొన చదునుగా ఉండేది. దానితో మైనాన్ని సాపుచేసి మళ్ళీ రాసేవారు. లండన్‌లో బ్లూంబర్గ్ భవన స్థలంలో 2010-13 మధ్య జరిగిన తవ్వకాల్లో ఇలాంటి పలకలు 400కు పైగా దొరికాయి. వాటిలో మైనం మిగల్లేదు. అయినా గంటం మొన మైనాన్ని దాటి చెక్కపై వేసిన గీతల ఆధారంగా పండితులు కొన్నింటిని చదివారు. వాటిలో ఒకటి క్రీ.శ. 57 జనవరి 8 నాటి అప్పుపత్రం.

అట్టతో చేసిన పలక చూడటానికి బాగానే ఉంటుంది. కానీ ఈ విషయాన్ని అది నేర్పలేదు. నిజమైన చెక్క, తేనెమైనం వాడి, రెండుమూడుసార్లు రాసి చెరిపి, చివరకు మైనం తీసేసి చూడమనండి. ఒకదానిపై ఒకటి పడిన గీతలను విడదీసి చదవడం ఎంత కష్టమో విద్యార్థికి అప్పుడు తెలుస్తుంది.

మట్టి దీపం

చేత్తో ఒత్తిన ప్రమిద ఒక్కొక్కటి ఒక్కో తీరుగా ఉంటుంది. రోమన్ దీపాలూ అలాంటివేనని విద్యార్థి అనుకుంటే అది పొరపాటు. క్రీ.శ. 1వ శతాబ్దం నాటికి వాటిలో అధికభాగం పైభాగానికి ఒకటి, అడుగుభాగానికి ఒకటి చొప్పున రెండు అచ్చులతో తయారయ్యేవి. 'ఫోర్టిస్' అనే పేరు ముద్రించిన దీపాలు అనేక రాష్ట్రాల్లో దొరికాయి. తయారైన దీపం నుంచే మళ్ళీ అచ్చు తీసి ఇతరులు నకళ్ళు చేసేవారు. మట్టి ఆరినప్పుడు, కాలినప్పుడు కుంచించుకుపోతుంది. కాబట్టి నకలుకు నకలు చేసేకొద్దీ దీపం చిన్నదవుతుంది, బొమ్మ మసకబారుతుంది.

ఆవం లేదు కదా అని మీరు అడగవచ్చు. ఆరబెట్టినా మట్టి కుంచించుకుపోతుంది. మూడు తరాల నకళ్ళు చేయించి స్కేలుతో కొలిపిస్తే చాలు.

నకలు చేయడం రోమ్‌కే పరిమితం కాదు. మన సంగారెడ్డి జిల్లా కొండాపూర్ తవ్వకాల్లో రోమన్ నాణేలను అనుకరించిన మట్టి బిళ్ళలు దొరికాయి. అసలు నాణెం విలువ వేరు, దాని రూపానికి ఉన్న ఆదరణ వేరు అని ఇవి తెలుపుతాయి.

పరిమితులు

పద్ధతి ఎంత సరిగ్గా ఉన్నా ప్రతిరూపం ఒక విషయాన్ని దాచేస్తుంది. ఇటలీలోని అరెట్సోలో తయారైన ఎర్రమట్టి పాత్రలపై యజమాని పేరుతోపాటు బానిసల పేర్లు కూడా ముద్రలుగా కనిపిస్తాయి. సరదాగా గంటసేపు చేసే పని, విముక్తి లేని శ్రమ అనుభవాన్ని ఇవ్వలేదు. 'రోమన్లు ఇలా చేసేవారు' అని చెప్పి ఊరుకుంటే ఆ పనివారు చరిత్రలోంచి మరోసారి తొలగిపోతారు. దీన్ని ఉపాధ్యాయుడే మాటల్లో పూరించాలి.

కాబట్టి ఏ ప్రతిరూపాన్నైనా అంచనా వేసేటప్పుడు అది ఏ ప్రశ్నకు జవాబిస్తుందో, ఏ దశను వదిలేసిందో, ఎవరి శ్రమను మరుగుపరిచిందో చూడండి. అందం గురించి ఆ తర్వాత ఆలోచించవచ్చు.

మీ ప్రగతిని సమీక్షించుకోండి

1. మైనం పోయినా పలకలను చదవడం ఎలా సాధ్యమైంది?
2. రంగుకాగితాల మొజాయిక్‌ను పై మూడు ప్రమాణాలతో విమర్శించండి.