స్లాబుకు నీళ్ళు కట్టే చేతులు

ఇల్లు కట్టేటప్పుడు అందరి కళ్ళూ స్లాబు వేసే రోజు మీదే ఉంటాయి. అసలు కాపాడే పని మర్నాడు మొదలవుతుంది. మేస్త్రీ పొద్దున్నే పైకెక్కి, మాలుతో సన్నటి గట్లు పోసి, స్లాబును వరిమళ్ళలా విడగొట్టి నీళ్ళు నింపుతాడు. స్తంభాలకు గోనెపట్టాలు చుట్టిస్తాడు. అవి ఆరకుండా వాచ్‌మన్, అతని భార్య పూటపూటా పైపు పట్టి తడుపుతూనే ఉంటారు.

కాంక్రీటు ఆరేకొద్దీ కుంచించుకుపోతుంది. మన దేశ ప్రమాణం ఐఎస్ 456 లెక్కన మీటరుకు సుమారు 0.3 మిల్లీమీటర్లు. చుట్టూ దూలాలు కదలనివ్వవు కాబట్టి ఆ లాగుడు పగుళ్ళుగా బయటపడుతుంది. తడి నిలిపితే ఆ లాగుడు మొదలయ్యేలోగా సిమెంటుకు బలం పడుతుంది. అందుకే మామూలు సిమెంటుకు కనీసం 7 రోజులు, ఫ్లైయాష్ కలిసినదానికీ మండుటెండల్లోనూ కనీసం 10 రోజులు తడి ఉంచాలంటుంది ఆ ప్రమాణం.

మంచి మేస్త్రీ పనితనం అంతకుముందే, కాంక్రీటు కలిపే మిల్లరు దగ్గరే తెలుస్తుంది. కాంక్రీటు జారుగా ఉంటే పోయడం తేలికని ఎవరైనా ఇంకో బకెట్ నీళ్ళు ఎత్తితే, “చాలు, ఆపు” అంటాడు. కాంక్రీటు ఎక్కువగా కుంచించుకుపోవడానికి ఆ అదనపు నీరే ముఖ్య కారణం. కలిపేటప్పుడు పొదుపు, గట్టిపడ్డాక ధారాళం: ఇదే అతని విద్య.

గృహప్రవేశంనాడు మేస్త్రీకి బట్టలు పెడతాం. స్లాబు తడిపిన ఆ దంపతులకూ పెట్టండి. మీ ఇంటి గట్టిదనంలో వాళ్ళ కష్టం ఉంది.