సేటు కాని రెండు గంటలు

మా రైస్‌మిల్లులో నన్ను తప్పుపట్టే మనిషి లేడు. గుమస్తా తల ఊపుతాడు, హమాలీ మేస్త్రీ తల ఊపుతాడు. కాటా దగ్గర తరుగు తీస్తే రైతు లోపల గులుగుతాడే గానీ ముఖం మీద అనడు. ఇరవై రెండేళ్లు ఇట్లా గడిచాయి. అట్లాంటి నాకు పోయిన శ్రావణం నుంచి ప్రతి ఆదివారం పొద్దున రెండు గంటలు తిట్లు పడుతున్నాయి.

"గట్ల గుంజకు సేటూ. తీగ తెగుతది."

తెగింది కూడా.

కరీంనగర్ వెండి తీగ పని నేర్చుకుంటున్నాను. దుకాణాల్లో ఫిలిగ్రీ అంటారు. ఎలగందులలో వేళ్లూని కరీంనగర్‌కు వచ్చిన విద్య; 2007లో భౌగోళిక గుర్తింపు దక్కింది. వెంట్రుకలాంటి రెండు వెండి తీగల్ని కలిపి పురిపెట్టి, సాపు చేయాలి. దాన్ని పట్టకారుతో సన్నని చుట్టలుగా చుట్టి, లావు తీగతో కట్టిన చట్రంలో ఒక్కొక్కటే ఇరికించాలి. చట్రం నిండాక వెలిగారం, టంకం పొడి వేసి మంట ఊదాలి. మంట చాలకపోతే అతకదు. రవ్వంత ఎక్కువైతే నాలుగు వారాల పని కరిగి ముద్దయిపోతుంది. నా మొదటి నెమలి అట్లాగే ముద్దయింది. నేర్పే పెద్దాయన దాన్ని అరచేతిలో వేసుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. "వెండి యాడికి పోయింది? మళ్ల తీగ గుంజు" అన్నాడు. అంతే.

వ్యాపారికి హాబీ ఉంటే అలసట తీరుతుందంటారు. నాకు మాత్రం మెడనొప్పి పట్టుకుంది. మా ఊళ్లో పొద్దున్నే షటిల్‌కు పోయి అక్కడా బిల్లుల సంగతే మాట్లాడుకునేవాళ్లున్నారు. అది హాబీ కాదు, నిక్కరు తొడుక్కున్న ఆఫీసు. అక్కడ కూడా సేటు సేటే. నన్ను ఆదివారాలు లాక్కుపోయేది వేరే: అక్కడ నాకు ఏమీ రాదు, రాదన్న సంగతి అందరికీ తెలుసు.

ఇట్లా చేతకాని చోట పాఠం నేర్చుకున్న మనిషి ఇంకొకడు సత్య నాదెళ్ల. 2014లో మైక్రోసాఫ్ట్ పగ్గాలు పట్టాడు. 2017లో తెచ్చిన 'హిట్ రిఫ్రెష్'లో హైదరాబాద్ పబ్లిక్ స్కూల్ నాటి క్రికెట్ ముచ్చట ఒకటి రాశాడు. ఓ మ్యాచ్‌లో ఈయన ఆఫ్‌స్పిన్ తేలిపోతోంది. కెప్టెన్ బంతి తీసుకుని తనే వేసి వికెట్ పడగొట్టాడు. ఆ తర్వాత బంతి మళ్లీ నాదెళ్ల చేతికే ఇచ్చాడు. జట్టులోవాడి ధైర్యం చెడకుండా చూసుకోవడం అక్కడ నేర్చుకున్నానంటాడు. నాకు ఇందులో నచ్చింది, ఆ పాఠం కెప్టెన్‌గా కాదు, దెబ్బలు తింటున్న బౌలర్‌గా నేర్వడం.

మొన్న యాసంగిలో మా గుమస్తా తేమ సరిగా చూడకుండా పచ్చి వడ్లను ఎండిన లాటుతో కలిపి నెట్టు కట్టించాడు. పదిహేడు శాతం దాటొద్దని వాడికి తెలియంది కాదు. మూడో రోజుకు బస్తాల్లో చెయ్యి పెడితే వేడి. వెనకటి నేనైతే నలుగురి ముందు తిట్టి, నెల రోజులు తేమ మీటరు నా జేబులో పెట్టుకునేవాణ్ణి. ఈసారి ఇద్దరం కలిసి బస్తాలు విప్పించి కల్లంలో ఆరబోయించాం. మర్నాడు మీటరు వాడికే ఇచ్చాను. నాదెళ్ల గుర్తొచ్చాడంటే అబద్ధమే. గుర్తొచ్చింది ఆ వెండి ముద్ద. అంత జరిగినా మధ్యాహ్నం రెండుసార్లు పోయి వాడు తీసిన రీడింగు చాటుగా చూసొచ్చాను, అది వేరే సంగతి.

హాబీ పిచ్చి నా ఒక్కడికే కాదు. ఆదిలాబాద్‌లో నా దోస్తుకు జిన్నింగ్ మిల్లు ఉంది. పత్తి సీజన్ అయిపోగానే కెమెరా పట్టుకుని కవ్వాల అడవి దారి పడతాడు, పిట్టల కోసం, కుదిరితే పులి కోసం. మూడేళ్లలో పులి కంటపడలేదు. వాడే నాకు ఫోన్ చేసి, "ఏడాదైతున్నది, ఏం చేసినవ్ రా?" అని ఎగతాళి. చేసింది ఒక జత కమ్మలు. కుంకుడు రసంలో వేసి కుంచెతో తోముతుంటే ఒక దాని అతుకు ఊడి, చుట్ట ఒకటి నురుగులో పడిపోయింది. పెద్దాయన చూశాడు, ఏమీ అనలేదు. వేళ్లతో నురుగంతా దేవి దాన్ని నేనే వెతుక్కున్నాను.