ర్యాంకుకు కనీసపు కొలత ఎంత?

ప్రాక్టికల్ క్లాసులో వెర్నియర్ కాలిపర్స్ చేతికివ్వగానే మాస్టారు అడిగే మొదటి ప్రశ్న మీకు తెలిసిందే: "దీని కనీసపు కొలత ఎంత?" అంతకన్నా చిన్న తేడాను ఆ పరికరం చూపలేదు గనుక. డాక్టరు చదువుకు అభ్యర్థులను కొలిచే నీట్ పరీక్ష గురించి మాత్రం ఈ ప్రశ్న ఎవరూ వేయరు.

మనం వేసి చూద్దాం. 2025లో ఈ పరీక్షకు 180 ప్రశ్నలు, 180 నిమిషాలు, 720 మార్కులు. ఒప్పుకు 4 మార్కులు, తప్పుకు ఒక మార్కు కోత. ఈ కోతకు భయపడి ఎవరూ గుడ్డిగా ఊహించరని చాలామంది అనుకుంటారు. లెక్క వేయండి. ప్రశ్నకు నాలుగు జవాబులు, ఒకటే ఒప్పు. కళ్ళు మూసుకుని నాలుగు ప్రశ్నలకు వృత్తాలు దిద్దితే సగటున ఒకటి ఒప్పు, మూడు తప్పు. 4 లోంచి 3 పోతే 1 మార్కు లాభమే!

ఇప్పుడు సమానంగా చదివిన ఇద్దరు చెరో 20 ప్రశ్నలకు తెలియక ఊహించి రాశారనుకుందాం. సగటున 5 ఒప్పు కావాలి. ఒకరికి 7 కలిసొచ్చాయి, మరొకరికి 3 మాత్రమే. ఇదేమీ అరుదు కాదు, పాచికలు వేసినవారెవరైనా చెబుతారు. మొదటివారికి 15 మార్కులు, రెండోవారికి మైనస్ 5. చదువు ఒకటే, తేడా 20 మార్కులు! 2025లో 22 లక్షల మందికి పైగా రాసిన పరీక్ష ఇది. ఆ 20 మార్కుల మధ్య ఎన్ని వేలమంది ఉంటారో ఊహించండి. ఒకరు మెడికల్ కాలేజీకి, మరొకరు ఇంకో ఏడాది 'లాంగ్ టర్మ్' కోచింగుకు. (ఫీజెంతో ఇంట్లో అడగండి.) పైగా, తనకు తెలివి తక్కువనే బెంగ ఒకటి.

పరీక్షే వద్దని నేననను. అది లేకపోతే సీటు సిఫారసుకో డబ్బుకో పోతుంది. నా అభ్యంతరమల్లా మూడు నాలుగు మార్కుల తేడాను ప్రతిభలో తేడాగా చూపడం మీదే.

నెదర్లాండ్స్‌లో 1970ల నుంచి చాలాకాలం వైద్య సీట్లకు లాటరీ తీశారు. మార్కులు ఎక్కువున్నవారికి సీటు వచ్చే అవకాశం ఎక్కువ. 1999 తర్వాత బాగా ఎక్కువ మార్కులున్నవారికి లాటరీ లేకుండానే సీటు. 2017లో ఆ పద్ధతిని మానేసి, 2023లో మళ్ళీ అనుమతించారు. మనకిది వింతగా తోస్తుంది. కాని అక్కడ అదృష్టం పాత్రను దాచలేదు.

ఇంతకీ, ఒక జవాబు తప్పని గట్టిగా తెలిసి, మిగిలిన మూడింటిలో ఊహిస్తే ప్రశ్నకు సగటు లాభమెంత? మీరే వేసి చూడండి.