ఎన్ని మీటర్ల బిన్?

మెల్‌బోర్న్‌లో పెరడు బాగుచేద్దామని నడుం కట్టిన తెలుగువాళ్లు ముందుగా ఫోన్ చేసి అడిగేది ఇదే: "అన్నా, ఎన్ని మీటర్ల బిన్ చెప్పమంటావు?" మీటరంటే ఘనపు మీటరు. ఇళ్ల ముందుకొచ్చే స్కిప్ బిన్ల అద్దె ఎక్కువగా ఆ లెక్కమీదే ఉంటుంది. ఆ మీటరెంతో కంపెనీవాళ్లు ట్రెయిలర్ లోడ్లలో చెబుతారు. ట్రెయిలర్ లేనివాళ్లకు నేను చెప్పే లెక్క వేరు: వారం వారం రోడ్డు పక్కన పెట్టే 240 లీటర్ల చక్రాల డబ్బాలు నాలుగు కలిస్తే సుమారు ఒక మీటరు.

డబ్బు కట్టేది చోటుకి. నిలువునా పడేసిన అలమరలో ఉన్న గాలికి కూడా మనమే కట్టాలి. అందుకే పనితనమంతా నింపడంలో ఉంది. స్క్రూలు విప్పి, పలకలు అడుగున పరవాలి. సొరుగుల్లో చిన్నాచితకా కుక్కాలి. కొమ్మల్ని మోచేతి పొడవున నరికి తొక్కాలి. ఊరినుంచి వచ్చేటప్పుడు గిన్నెలో గిన్నె, దాంట్లో పచ్చడి పొట్లం పెట్టి సూట్‌కేసు సర్దే అమ్మలకు ఈ విద్య ఒకరు నేర్పక్కర్లేదు. అంచు మాత్రం దాటకూడదు. పైకి పొడుచుకొస్తే డ్రైవర్ ఎత్తనంటాడు, అందులో అతని తప్పేం లేదు.

మట్టి దగ్గరే అందరూ బోర్లాపడేది. మనవాళ్లు ఎక్కువగా ఇళ్లు కట్టుకున్న టార్నీట్ వైపు నేల ఒకప్పటి లావా పరుచుకున్నది. తడిస్తే చెప్పుకి అంటుకుంటుంది, ఎండితే నెర్రెలిస్తుంది. మన దక్కను రేగడికి దగ్గరి చుట్టమే, రెండూ బసాల్టు బిడ్డలు. గోంగూర మడికని గడ్డపార దించితే జానెడు లోతులోనే ఖంగుమంటుంది. తవ్విన మట్టి ఘనపు మీటరు టన్నున్నర దాకా తూగుతుంది. కలగలుపు చెత్త బిన్‌కి బరువు హద్దు ఉంటుంది కాబట్టి మట్టికి, రాళ్లకి వేరే బిన్ చెప్పుకోవడమే మేలు. కొమ్మలు, ఆకులు మాత్రమే వేస్తే అద్దె తగ్గుతుంది, అవి మరపట్టి మల్చ్ చేయడానికో కంపోస్టుకో పోతాయి. అందులో నాలుగు ఇటుకలు కనపడ్డాయా, కలగలుపు రేటే. పూడ్చిపెట్టే చెత్తమీద టన్నుకింతని ప్రభుత్వం లెవీ వేస్తుంది, ఆ భారం మన బిల్లులోకే వస్తుంది.

పెయింటు, గ్యాస్ సిలిండర్లు, బ్యాటరీలు వేయనివ్వరు. వీటన్నిటికంటే భయపడాల్సింది ఆస్బెస్టాస్‌కి. దేశమంతటా పూర్తి నిషేధం వచ్చింది 2003 డిసెంబర్ 31న. 1990కి ముందు కట్టిన ఇల్లు కొన్నవాళ్లు బాత్రూం గోడ పలక మీద సుత్తి వేసేముందు అందులో ఆస్బెస్టాస్ ఉందేమో పరీక్ష చేయించాలి. డబ్బు మిగుల్చుకుందామని దీని దగ్గర మాత్రం సొంత తెలివి వద్దు.

బిన్ డ్రైవ్‌వేలో పెట్టించుకుంటే సుఖం. ఇంటిముందు గడ్డిపట్టీ మీదో రోడ్డు మీదో అయితే సాధారణంగా కౌన్సిల్ పర్మిట్ కావాలి. ఇంకో ముక్క: చీకటిపడ్డాక పైన టార్పాలిన్ బిగించి కట్టండి. లేదంటే వీధిలో ఎవరిదో పరుపు తెల్లారేసరికి మీ బిన్‌లో ఉంటుంది. పరుపుకి చాలా కంపెనీలు అదనంగా వసూలు చేస్తాయి. "అది మాది కాదండీ" అంటే వినే డ్రైవర్ నాకింతవరకూ తగల్లేదు.