గుండెపోటు: కాలము నెక్కడనుండి లెక్కింపవలెను?

గుండె కండరమునకు నెత్తురు నందించు ధమనిలో గడ్డ అడ్డుపడినపుడు గుండెపోటు వచ్చును. ఆ అడ్డు తొలగువరకు కండరము కొంచెము కొంచెముగా చచ్చుచుండును. చచ్చిన కండరము తిరిగి రాదు. కావుననే రోగి ఆసుపత్రి ద్వారము దాటినది మొదలు ధమనిలో బెలూను విప్పువరకు 90 నిమిషములు మించరాదని అమెరికాలో లక్ష్యము నేర్పరచుకొనిరి.

ఈ ప్రయత్నపు ఫలితమును మెనీస్, ఆయన సహచరులు 2013లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్ పత్రికలో ప్రకటించిరి. వారు 515 ఆసుపత్రులలోని 96,738 చికిత్సలను పరిశీలించిరి. 2005-06లో 83 నిమిషములున్న మధ్యస్థ కాలము 2008-09 నాటికి 67కు తగ్గినది. ఆసుపత్రిలో మరణములు మాత్రము నూటికి 4.8 నుండి 4.7కు దిగి ఆగినవి. నిమిషములు మిగిలినవి, ప్రాణములు మిగులలేదు!

ఈ లెక్కలలో దోషము లేదు. వానిని చూపి ఆలస్యమువలన హాని లేదనుటయే దోషము. ఒక యేటి రోగులను వేరొక యేటి రోగులతో పోల్చుట, త్వరగా చికిత్స పొందినవానిని ఆలస్యముగా పొందినవానితో పోల్చుట ఒకటి కావు. 2015లో లాన్సెట్ పత్రికలో బ్రహ్మాజీ నల్లమోతు బృందము ఈ రెంటిని విడదీసి చూపినది. ఒక్కొక్క రోగి విషయమున కాలము తగ్గినకొలది మరణభయమును తగ్గినది. ఏండ్లు గడచినకొలది ఈ చికిత్సకు వచ్చువారి సమూహమే మారుటచేత ఆ మేలు మొత్తపు లెక్కలో మరుగుపడియుండవచ్చును.

అంతకంటె పెద్ద లోపము కొలతలోనే కలదు. ఆసుపత్రి గడియారము ద్వారముకడ మొదలగును. గుండె గడియారము నొప్పితోనే మొదలగును. గడ్డను కరగించు మందులపై జరిగిన పరిశోధనలను బోయెర్స్మా బృందము 1996లో కూర్చి చూచినది. మొదటి గంటలో మందు పడిన వేయిమందిలో అదనముగా 65 మంది బ్రదికిరి. రెండవ గంటలో 37, మూడవ గంటలో 26 మంది మాత్రమే. అమూల్యమైన గంటలు ఇంటిలో గడచిన పిమ్మట ద్వారముకడ 16 నిమిషములు తగ్గించుట, చేతులు కాలిన పిమ్మట ఆకులు పట్టుకొనుటవంటిది.

భారతదేశమున ఈ మాట మరింత నిజము. 20,468 మంది హృద్రోగులపై 2008లో వెలువడిన క్రియేట్ పరిశీలన ప్రకారము, నొప్పి మొదలైన తరువాత ఆసుపత్రి చేరుటకు పట్టిన మధ్యస్థ కాలము 360 నిమిషములు. చేరిన పిమ్మట గడ్డను కరగించు మందు పడుటకు 50 నిమిషములే.

మెనీస్ బృందము కూడ మరణములను తగ్గించుటకు ఇతర మార్గములు వెదకవలెననియే ముగించినది. ఆ మార్గము రోగి యింటినుండియే మొదలు కావలెను. ఛాతీనొప్పిని అజీర్ణమని సరిపెట్టుకొనక, తెల్లవారువరకు ఆగక, వెంటనే 108కు ఫోను చేయుట నేర్పినగాని ఆసుపత్రివారి తొందర పూర్తిగా ఫలింపదు.